దశమభాగం పెద్దమ్మ మందులకు పెడితే తప్పా?

తెనాలి_చిన్నోడు: అందరికీ వందనాలు. మా పెద్దమ్మ విధవరాలు, గుండె జబ్బు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోనెత్తడు. వితంతు పింఛను 4,000 వస్తుంది గానీ మందులకే చాలదు. నా దశమభాగం, అంటే సంపాదనలో దేవునికిచ్చే పదో వంతు, సంఘంలో (చర్చిలో) వేయడం మానేసి ఆమెకే పెడుతున్నా. మా సంఘ పెద్ద అది దేవుని సొమ్ము దొంగిలించడమే అన్నారు. మీరేమంటారు?

ద్రాక్షవల్లి: ఆయన అన్నది నిజమే బ్రదర్. బైబిల్లో మలాకీ 3:10 చూడండి, పదో వంతు మందిరపు నిధిలోకి తేవాలని ఉంది, మనకు నచ్చిన చోట పెట్టమని లేదు. పెద్దమ్మను మిగిలిన తొంభై శాతంలోంచి చూసుకోండి.

మార్త: ఇంటద్దె, పిల్లల ఫీజులు పోగా ఆ తొంభైలో ఏం మిగులుతుంది బ్రదర్? మలాకీ చదివేవాళ్లు ద్వితీయోపదేశకాండం 14:28-29 ఎందుకు చదవరు? మూడేళ్లకోసారి ఆ పదో వంతును ఊళ్లోనే ఉంచి మందిర సేవ చేసే లేవీయులూ పరదేశులూ తండ్రిలేనివాళ్లూ విధవరాళ్లూ కడుపునిండా తినాలని ఉంది. మార్కు 7లో యేసు మందలించింది ఎవర్ని? అమ్మానాన్నలకు దక్కాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాం, అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లను. మా నాన్న పక్షవాతంతో మంచాన పడితే మా సంఘంవాళ్లు బిల్డింగ్ ఫండ్ రసీదు పుస్తకంతో వచ్చి, ప్రార్థన చేసి, రసీదు రాసి వెళ్లారు.

ద్రాక్షవల్లి: మూడేళ్లకోసారి అని మీరే అన్నారు. మిగతా రెండేళ్లు?

మార్త: ఇంత రాస్తే అదొక్కటే పట్టుకుంటారా?

బాపట్ల_బ్రదర్: 1 తిమోతి 5:4లో విధవరాలిని ముందు పిల్లలూ మనవలూ చూసుకోవాలని ఉంది. ముందు ఆ కొడుకును అడగాలి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు.

తెనాలి_చిన్నోడు: కొడుకు మీద కేసంటే ఆమె చచ్చినా ఒప్పుకోదు. ఇంకోటి, ఆమె బాప్తిస్మం తీసుకోలేదు.

ద్రాక్షవల్లి: అలా చెప్పండి మరి. గలతీ 6:10లో విశేషంగా విశ్వాస గృహానికి చేరినవాళ్లకు, అంటే తోటి విశ్వాసులకు, మేలు చేయాలని ఉంది.

మార్త: దానికి ముందు "అందరికీ" అని కూడా ఉంది. ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడగాలా? మీకు కావాల్సింది కానుక డబ్బు, అంతే.

ద్రాక్షవల్లి: మాట జాగ్రత్త సిస్టర్. మా నాన్న పల్లెటూరి సంఘ కాపరి (పాస్టర్). జీతం లేదు, పీఎఫ్ లేదు, విశ్వాసులు వేసే దశమభాగంతోనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆయన పోయాక కొత్త అయ్యగారు వస్తున్నారని ఇల్లు ఖాళీ చేయించారు. మా అమ్మా విధవరాలే కదా. ఎవరి పెద్దమ్మను వాళ్లు చూసుకున్నారు, మా అమ్మను చూసేవాళ్లే లేకపోయారు. 1 తిమోతి 5:16 చెప్పేది ఇదే, అయినవాళ్లున్న విధవరాలిని వాళ్లే పోషించాలి, సంఘం చెయ్యి దిక్కులేనివాళ్లకు మిగలాలి.

మార్త: అమ్మగారి సంగతి చదివి బాధేసింది బ్రదర్. కానీ ఆ ఊళ్లో దశమభాగాలు ఆగలేదు కదా, అన్నీ వేస్తుండగానే ఆవిడ వీధిన పడ్డారు. ఆ డబ్బు ఎటు పోయిందో అడగాల్సింది ఆ సంఘాన్ని, ఈయన్ని కాదు.

ద్రాక్షవల్లి: అడిగాను. మందిరం స్లాబు అన్నారు.

తెనాలి_చిన్నోడు: 1 తిమోతి 5:9లో సంఘం విధవరాళ్ల పేర్లు రాసుకునే లెక్క ఉంది. మా సంఘంలో అలాంటి లెక్క రాస్తున్నారా అని ఆదివారం అయ్యగారిని అడుగుతా. ఈ నెల మందులు మాత్రం కొనేశాను.