సకురా (చెర్రీ పూల) ఫోటోలు మసకగా, బూడిద రంగులో వస్తున్నాయి. ఏం చేయాలి?

ప్రశ్న (నిషి కసాయ్, టోక్యో):
అందరికీ నమస్కారం. నా దగ్గర కెమెరాతో పాటే వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్ ఉన్న మామూలు కెమెరా, ఒక ఫోన్ ఉన్నాయి. సకురా చెట్టు కంటికి ఎంతో అందంగా ఉంటుంది, ఫోటోలో మాత్రం పూలు మురికి తెలుపులో కనిపిస్తాయి. మంచి లెన్స్ కొనాలా? ఆఫీసు వల్ల శని, ఆదివారాలే కుదురుతుంది. పాప కూడా ఉంది, కాబట్టి మరీ దూరం వద్దు.

జవాబు (యొకొహామా నుంచి):
లెన్స్ జోలికి పోకండి. తెల్లటి పూలు, వెనక తెల్లటి మబ్బు ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ఫోటోను చీకటి చేసేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటో వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 0.7తో మొదలుపెట్టి 1.3 దాకా పెంచి చూడండి. ఐఫోన్ అయితే పువ్వు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపితే చాలు. ఎండ నేరుగా పడుతుంటే ఇంత పెంచొద్దు, రేకుల మీది గీతలు మాయమైపోతాయి.

ఇంకో మాట. టోక్యోలో ఎక్కువగా కనిపించే సొమెయి యొషినో రకం నిజంగానే దాదాపు తెలుపు. ఎడిటింగ్‌లో గులాబీ రంగు పులిమితే పెళ్ళి మండపంలో ప్లాస్టిక్ పూలలా తయారవుతుంది. ముదురు గులాబీయే కావాలంటే ఫిబ్రవరిలో పూసే కవాజు సకురా, ఏప్రిల్ మధ్యలో పూసే ముద్ద రకాలు చూడండి.

మబ్బు పట్టిన రోజు ఫ్రేములో ఆకాశం రానివ్వకండి. కిందికి వాలిన కొమ్మ దగ్గరికి వెళ్ళి, లెన్స్‌ను 55కి జూమ్ చేసి, వెనక పైన్ చెట్లో కాలువ నీళ్ళో వచ్చేలా నిలబడండి. వాన వెలిశాక ఇంకా మంచిది, తడిసిన మాను నల్లగా ఉండి పూలు తేటగా కనిపిస్తాయి.

జవాబు (సైతామా నుంచి):
ఏ వారం వెళ్ళాలో నేను చెప్తాను. యాసుకుని గుడి ఆవరణలోని నమూనా చెట్టుకు అయిదారు పూలు విచ్చితే టోక్యోలో 'కైకా' (పూత మొదలైంది) అని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది. సాధారణంగా మార్చి మూడు, నాలుగు వారాల్లో, మన ఉగాదికి అటూ ఇటూగా. అది విని ఆ మర్నాడే పరిగెత్తితే మొగ్గలే ఎక్కువ కనిపిస్తాయి. ఎనభై శాతం విచ్చితే 'మాంకాయ్' అంటారు, దానికి ఇంకో వారం పది రోజులు పడుతుంది. ఈలోపు పెద్ద గాలీవానా వస్తే మాత్రం ఆగకుండా వెళ్ళిపోండి.

పాపతో ఉయెనో పార్కు జనంలోకి ఎందుకండీ? మీ ఎదొగావా వార్డులోనే షిన్‌కావా కాలువ పొడుగునా చెట్లున్నాయి, పొద్దున్నే వెళ్తే నీళ్ళలో నీడలు కూడా దొరుకుతాయి. ఆ వారాంతం తప్పిపోతే షింజుకు గ్యొఎన్ అనే పెద్ద తోట ఉంది. అక్కడ రకాలు ఎక్కువ, ఏప్రిల్ మధ్యలోనూ ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ట్రైపాడ్ తీసుకెళ్ళొచ్చా? గాలికి కొమ్మలు ఊగితే ఎలా? పక్కవాళ్ళ ముఖాలు ఫోటోలో పడతాయేమోనని ఒకటే టెన్షన్.

జవాబు (సైతామా నుంచి):
ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచండి. రద్దీ రోజుల్లో చాలా తోటల్లో ఒప్పుకోరు, పగటి వెలుతురులో దాని అవసరమూ లేదు. గాలికి షట్టర్ వేగం 1/500 సెకను పెట్టండి. రేకులు రాలుతున్నప్పుడు 1/60కి దిగితే అవి గీతల్లా వస్తాయి, అదీ బాగుంటుంది.

తెలియనివాళ్ళ ముఖం స్పష్టంగా పడిన ఫోటోను ఇంటర్నెట్‌లో పెట్టకండి, ఇక్కడ దాన్ని సీరియస్‌గా తీసుకుంటారు. ఎవరినైనా తీయాలనుకుంటే "షాషిన్ తొత్తెమొ ఈ దెసుకా" (ఫోటో తీయొచ్చా) అని అడిగితే చాలామంది నవ్వుతూ సరేనంటారు. కొమ్మను లాగి పట్టుకోవడం, వేర్ల మీద నిలబడడం మాత్రం వద్దే వద్దు.

జవాబు (యొకొహామా నుంచి):
సకురా అయిపోగానే కెమెరా లోపల పెట్టేయకండి. ఏప్రిల్ రెండో సగంలో ఇబరాకిలోని హితాచి సీసైడ్ పార్కు గుట్ట అంతా నెమొఫిలా అనే చిన్న నీలి పూలతో నీలంగా మారిపోతుంది. నా ఓటు మాత్రం తొచిగిలోని అషికగ ఫ్లవర్ పార్కుకే. నూట అరవై ఏళ్ళు దాటిన విస్టీరియా చెట్టు పందిరి నిండా ఊదా గుత్తులు వేలాడుతుంటాయి, మంచి సమయం ఏప్రిల్ చివర, మే మొదట్లో. చీకటి పడ్డాక లైట్లు వేస్తారు, అప్పుడు ఊదా రంగు తేడాగా వస్తే వైట్ బ్యాలెన్స్‌ను (లైటుకు తగ్గట్టు రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటో నుంచి తప్పించి మీరే సరిచేసుకోండి. అక్కడ టికెట్ ధర పూల స్థితిని బట్టి మారుతుంది, బయల్దేరే రోజు పొద్దున వాళ్ళ సైట్ చూసుకోండి.