వి-క్రాస్ ముందు బంపర్‌లో వించ్, ఎయిర్ కంప్రెసర్ రెండూ పెట్టియ్యొచ్చా?

పత్తిచేను ఫోర్‌బైఫోర్:

అన్నలందరికి నమస్తే. నాది 2019 ఇసుజు వి-క్రాస్ పికప్ బండి. ఆదిలాబాద్ దిక్కు మాకు పొలం ఉంది, మొత్తం నల్లరేగడి, మొదటి వాన పడ్డదంటే చాలు తారు రోడ్డు నుంచి చేను దాకా కిలోమీటరున్నర బాట మొత్తం బురదే. పోయిన ఏడాది మూడుసార్లు దిగబడ్డది, మూడుసార్లు పక్కూరి ట్రాక్టరే దిక్కయింది, ఆఖరిసారి రాత్రి ఎనిమిదింటికి ఇరుక్కుంటే ట్రాక్టర్ వచ్చేసరికి పదకొండు, అమ్మ అప్పటిదాకా బండిలనే కూసుంది. అందుకే ఈసారి వానలకు ముందే 9,500 పౌండ్ల వించ్ (ఇరుక్కున్న బండిని మోటారుతోని డ్రమ్ము మీద రోప్ చుట్టుకుంట లాగేది) ఒకటి, టైర్లకు గాలి కొట్టే 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి పెట్టిద్దామనుకుంటున్న.

తెల్సిన వెల్డింగ్ షాపాయన స్టీల్ బంపర్ చేసిస్త, వించ్‌ని దానికే వెల్డ్ చేస్త, పక్కన ఖాళీ ఉంటది కద అండ్ల కంప్రెసర్ కూసోబెడ్త అంటుండు. ఇట్ల చేస్తే నడుస్తదా? బ్యాటరీ ఒక్కటి సరిపోతదా రెండోది పెట్టాల్నా? కరెంటు లైన్ రెండిటికి ఒక్కటే తీస్కోవచ్చా? వాడినోళ్ళు చెప్పండి ప్లీజ్.

మన్యం గేర్‌బాక్స్:

తమ్ముడూ, ముందు ఆ వెల్డింగ్ పని ఆపించు. నేను రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్నాను, మా గ్రూపులో ఒకాయనకి సరిగ్గా ఇదే జరిగింది, బంపర్ రేకుకి వించ్ అతికించారు, వాగు ఒడ్డున లాగడం మొదలెట్టగానే బండి కదల్లేదు, బంపరే అప్పడంలా వంగి ముందుకొచ్చేసింది, రేడియేటర్ ముందున్న బ్రాకెట్లు కూడా లాక్కొచ్చింది. వించ్ లాగే బరువు పడాల్సింది ఛాసిస్ మీద. రెండు ఛాసిస్ పట్టీల మధ్య ఒక మందపాటి ప్లేటు బోల్టులతో బిగించి, వించ్‌ని ఆ ప్లేటుకి బిగించాలి, బంపర్ అనేది దాని పైన తొడుగు మాత్రమే. ఈ సైజు వించ్‌లకి బోల్టు రంధ్రాల దూరం దాదాపు అన్నిటికీ ఒకటే, 10 అంగుళాలు బై నాలుగున్నర, కాబట్టి ప్లేటు ముందే కోయించుకోవచ్చు. 8.8 గ్రేడు బోల్టులు తగ్గకుండా వెయ్యి, ఆ బోల్టుల్ని వెల్డ్ మాత్రం చెయ్యనివ్వకు.

సైజు కరెక్టే. బండి, మనుషులు, సామాను కలిపి రెండున్నర టన్నులు అనుకుంటే దానికి ఒకటిన్నర రెట్లు చూసుకోవాలి, అంటే 3,750 కిలోలు. నీ 9,500 పౌండ్లంటే దాదాపు 4,300 కిలోలు. కాకపోతే ఆ నంబరు డ్రమ్ము మీద అడుగు వరస రోప్ ఉన్నప్పటి లెక్క, పైన ఒక్కో వరస పెరిగే కొద్దీ లాగే శక్తి తగ్గిపోతుంది. అందుకే వీలైనంత రోప్ బయటికి తీసి లాగాలి, చాలకపోతే స్నాచ్ బ్లాక్ (రోప్‌ని మళ్ళీ వెనక్కి తిప్పే కప్పీ) వేసుకో, స్పీడు సగం అవుతుంది గానీ బలం రెట్టింపుకి దగ్గరగా వస్తుంది.

ఇంక కంప్రెసర్ బంపర్‌లో వద్దు. నేను పెట్టాను కాబట్టి చెప్తున్నాను. మొదటి వర్షాకాలంలోనే రెండు వాగులు దాటాక గాలి రావడం మానేసింది, హెడ్ విప్పితే లోపల టీ డికాషన్ రంగులో నీళ్ళు, సిలిండర్ గోడ మీద వేలితో రుద్దితే తుప్పు పొడిలా రాలింది, పిస్టన్ సీల్ అంచు చిరిగిపోయి ఉంది. తప్పు కంప్రెసర్‌ది కాదు, గాలి పీల్చే ఫిల్టర్ నీళ్ళకి అందేలా నేను పెట్టడం వల్ల. ఇప్పుడు బానెట్ కింద ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ) దగ్గర ఎత్తులో పెట్టి ఫిల్టర్‌ని ఇంకా పైకి తీశాను, అక్కణ్ణుంచి స్టీల్ అల్లిక ఉన్న పైపు వేసి బంపర్‌లో గాలి పైపు తగిలించే కప్లర్ ఒక్కటే బయటికి పెట్టుకున్నాను, దానికి రబ్బరు మూత. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చాలా వేడిగా ఉంటుంది, హెడ్ దగ్గర మామూలు రబ్బరు పైపు వేస్తే నాలుగో టైరుకే ఉబ్బిపోతుంది.

కడప ఆటో ఎలక్ట్రికల్స్:

అన్నా, కరెంటు సంగతి నేను చెప్తా, రోజూ చేసే పని ఇదే. రెండిటికీ ఒకటే లైను అస్సలొద్దు. ఆ సైజు వించ్ ఫుల్ లోడు మీద 400 ఆంపియర్ల దాకా లాగుతుంది, నీ ఆల్టర్నేటర్ అందులో నాలుగో వంతు ఇస్తే గొప్ప, మిగతాదంతా బ్యాటరీ నుంచే పోవాల. అందుకే ఇంజను ఆన్‌లో పెట్టి 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, ఒక నిమిషం లాగి కాసేపు ఆపి మోటారు చల్లారనిచ్చి మళ్ళీ లాగాల. ఏడాదికి మూడు నాలుగుసార్లు వాడేదానికి రెండో బ్యాటరీ అక్కర్లేదు, ఉన్నదాన్ని మంచిది వేసుకో చాలు.

కేబుల్ 35 స్క్వేర్ ఎంఎం రాగిది, మైనస్ కూడా ఛాసిస్‌కి కాకుండా నేరుగా బ్యాటరీకే తెచ్చుకో. కేబుల్ చివర వేసే లగ్గులు మిషన్‌తో ప్రెస్ చేయించు, సుత్తితో కొట్టి సరిపెడితే ఒప్పుకోవద్దు. మొన్న ఒక జీపు వచ్చింది, ప్లస్ లగ్గు వదులై వేడెక్కి బ్యాటరీ టెర్మినల్ మైనంలా కారింది, వాళ్ళు వించ్ కాలిపోయిందని కొత్తది కొనబోతా ఉన్నారు. బ్యాటరీ పక్కనే వించ్ కరెంటు మొత్తం కట్ చేసే ఐసోలేటర్ స్విచ్ తప్పనిసరి. అది లేకుంటే బంపర్ దాకా ఎప్పుడూ కరెంటు ఉంటాది, ముందు ఎవడైనా గుద్దితే కేబుల్ నలిగి మంటలే.

కంప్రెసర్‌కి వేరే లైను, బ్యాటరీ దగ్గరే 40 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, లోపల స్విచ్, కంపెనీ వాడు ఇచ్చిన డయాగ్రమ్ ప్రకారం వెయ్యి. రెండూ ఒకేసారి మాత్రం వాడొద్దు.

రెడ్‌హిల్స్ వకీల్:

టెక్నికల్ సంగతి పెద్దలు చెప్పారు, చట్టం సంగతి కూడా చూసుకోండి. బండి ముందు బిగించే బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించి చెప్పే సెక్షన్ 52కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. దానికన్నా నాకు భయం ఎయిర్‌బ్యాగులది, ముందు గట్టి ఇనుము పెడితే గుద్దినప్పుడు సెన్సర్‌కి అందే దెబ్బ మారిపోతుంది. స్టీల్ బంపర్ వదిలేసి కంపెనీ బంపర్ వెనకే ప్లేటు పెట్టే దారి ఉందేమో చూడండి, నంబర్ ప్లేటు మాత్రం కనపడాలి. ఏం బిగించినా ముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసి ఆర్టీఓలో అడగండి, అమ్మగారిని ఎక్కించుకుని తిరిగే బండి కదా.

పత్తిచేను ఫోర్‌బైఫోర్:

అందరికి చాలా థాంక్స్ అన్న. స్టీల్ బంపర్ క్యాన్సిల్ చేసిన, లోపల ప్లేటుకు కొలతలు తీస్కుంటున్న, ఆర్టీఓల అడిగినాకనే బిగిస్త. ఇంకో డౌట్, మా బాట పొంటి చెట్లు లెవ్వు, అంత పత్తి చేనే, ఒక్క వేప చెట్టు ఉంది అది కూడ వంద మీటర్ల దూరం. హుక్ దేనికి తగిలియ్యాలె?

మన్యం గేర్‌బాక్స్:

మంచి ప్రశ్న తమ్ముడూ, ఇది చాలామంది కొన్నాక ఆలోచిస్తారు. స్టెప్నీని పాతిపెట్టాలి. వెడల్పు పట్టీని రిమ్ముకి చుట్టి, బండి వైపుకి అడ్డంగా గుంటలో నిలబెట్టి, పట్టీ బయటికి రావడానికి ముందుకి సన్న కాలవ తవ్వి పైన మట్టి తొక్కాలి. నల్లరేగడిలో అడుగున్నర తవ్వితే చాలదు, మూడడుగులు దిగాలి, కాబట్టి పార బండిలోనే ఉండాలి. వేప చెట్టు దాకా అందే ఎక్స్‌టెన్షన్ రోప్ దొరికితే ఇంకా మేలు, చెట్టుకి వెడల్పు పట్టీ వేసే లాగు, ఉత్త రోప్ చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు చస్తుంది.

రోప్ సింథటిక్ తీసుకో, తెగినా స్టీల్ తీగంత ఘోరంగా కొట్టదు. అయినా దాని మీద తడి గోనెసంచి వెయ్యి, అమ్మని దిగి దూరంగా నిలబడమను, రోప్‌కి దూరంగా, దాని వరసలో కాకుండా పక్కకి. డ్రమ్ము మీద కనీసం పది చుట్లు మిగలాలి. బురద పని అయ్యాక రోప్ మొత్తం తీసి మంచినీళ్ళతో కడుగు, ఇసుక రేణువులు లోపల్నుంచి కోసేస్తాయి.

అన్నట్టు, కొత్త రోప్ పెట్టెలోంచి వచ్చినట్టే వాడకు, వదులు చుట్ల మధ్యకి పై చుట్టు దిగబడి ఇరుక్కుంటుంది. వానలకి ముందే కొంచెం ఎత్తున్న బాటలో బండిని న్యూట్రల్‌లో పెట్టి, డ్రైవరు బ్రేక్ కొద్దిగా నొక్కి ఉంచగా వించ్‌తోనే పైకి లాక్కుంటూ ఒకసారి మొత్తం బిగువుగా చుట్టుకో.