ఉపవాసం తప్పినవాళ్లు ప్రభువు బల్లకు రాకూడదా?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు):

అందరికీ వందనాలు.

మా అమ్మకు అరవై ఆరేళ్లు. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. పోయిన ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ పగలంతా ఉపవాసం ఉంటానని మొక్కుకుంది. మేం వద్దన్నా వినలేదు. మన వైపు మార్చి ఎండలు ఎట్లుంటాయో మీకు చెప్పనక్కర్లేదు. పదిహేడో రోజు మధ్యాహ్నం పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. పక్కింటామె చూసి చక్కెర నీళ్లు తాపించి కూర్చోబెట్టింది. డాక్టరు గట్టిగా చెప్పాక ఉపవాసం ఆపేసింది.

అప్పటినుంచి అమ్మ బల్ల, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ సంఘమంతా తీసుకునే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవడం లేదు. మా సంఘంలో నెలలో మొదటి ఆదివారం బల్లారాధన. ప్రసంగం అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చుంటుంది. రొట్టె మీది గుడ్డ తీసే వేళకు లేచి బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడుతుంది. ఏమ్మా అంటే "మొక్కుకున్నది తీర్చలేకపోతి. ఏ మొగం పెట్టుకొని పోవాల?" అంటుంది. ఉపవాసం తప్పినవాళ్లు తమను తాము పరీక్షించుకొని రావాలని మా పాస్టరు అయ్యగారు ఒకసారి ప్రకటనల్లో అన్నారు. ఆ మాట ఆమెలో ముల్లులా దిగిపోయింది.

మా ఇంటి గోడకు హెబ్రీ 4:16 వాక్యం పటం కట్టి ఉంది. "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము." రోజూ పొద్దున అమ్మే దాన్ని తుడుస్తుంది. మరి ఆ ధైర్యం ఎవరికోసం రాసినట్టు?

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఉపవాసం, మొక్కు, తలమీద ముసుగు, ప్రార్థన చేసిన నూనె, వీటిలో ఏదీ మనల్ని దేవుని దగ్గరికి చేర్చదు. యేసు చేర్చాడు, అంతే. కాదనేవాళ్లు ఉంటే వాక్యం చూపించి చెప్పండి, వింటాను.

నల్లరేగడి (కోవెలకుంట్ల):

అక్కా, చదివి మనసు బరువెక్కింది. ఆ వయసులో, ఆ జబ్బుతో ఉన్న మనిషికి ఉపవాసం వద్దమ్మా అని సంఘమే ముందు చెప్పాల్సింది. పడిపోయేదాకా రానివ్వడం తప్పే.

కానీ అమ్మగారి కష్టం చూపించి సిద్ధపాటే అక్కర్లేదంటే నేను ఒప్పుకోలేను. 1 కొరింథీ 11:27 నుంచి చదవండి. అయోగ్యంగా తిని తాగేవాడు ప్రభువు శరీరం విషయంలో, రక్తం విషయంలో అపరాధి అవుతాడని పౌలే రాశాడు. పన్నెండేళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. శనివారం తమ్ముడి పొలం గట్టు జరిపి, ఆదివారం తెల్లచొక్కా వేసుకొని మొదటి వరుసలో చేయి చాపినవాళ్లను చూశాను. అడిగితే వాళ్లూ "అంతా కృపే కదన్నా" అంటారు. ఆ మాట విన్న తమ్ముడు గుడికి రావడం మానేశాడు.

మనది మెట్టసేద్యం. మనం దున్నామని వాన రాదు, నిజమే. కానీ దుక్కి లేని చేలో పడిన వాన నిలుస్తుందా? వంకలో పడి పోతుంది. కృప దేవునిది, దుక్కి మనది. ఉపవాసం, పాపపు ఒప్పుకోలు, సమాధానపడటం, ఇవన్నీ దుక్కి.

లేవీయకాండం 16 కూడా చూడండి. ప్రధానయాజకుడు అహరోను అంతటివాడే ఇష్టం వచ్చినప్పుడు అతిపరిశుద్ధ స్థలపు తెర లోపలికి పోకూడదు. ఏడాదికి ఒక్కరోజు, స్నానం చేసి, నారబట్టలు కట్టుకొని, ధూపం, రక్తం పట్టుకొని పోవాలి. అంతకు ముందే ఆయన కొడుకులు నాదాబు, అబీహు వేరే అగ్ని తెచ్చి కాలి చనిపోయారని మనకు తెలుసు. మన దేవుడు దహించు అగ్ని అని అదే హెబ్రీ పత్రిక 12లో ఉంది. ధైర్యం వేరు, చనువు వేరు.

మగ్గం చప్పుడు (ధర్మవరం):

నాకైతే ఈ గొడవే అర్థం కాదు. దేవుడు అన్నిచోట్లా ఉన్నప్పుడు బల్ల ఎందుకు, బెంచీ ఎందుకు, అయ్యగారి అనుమతి ఎందుకు? నేను రెండేళ్ల నుంచి గుడికి పోవడం లేదు. మగ్గం ముందు కూర్చొనే ప్రార్థన చేసుకుంటున్నా. యేసు చనిపోయినప్పుడు దేవాలయపు తెర చినిగిందంటే అర్థం అదే కదా.

అనంత టీచర్ (గుత్తి):

నల్లరేగడి అన్నా, మీరు చూపించిన అధ్యాయాన్నే నేనూ తీసుకుంటాను. కాకపోతే 27 నుంచి కాదు, 20 నుంచి.

పౌలు ఆ పత్రిక రాసిన కొరింథు సంఘంలో జరిగిందేమిటి? సంఘమంతా కలిసి తినే భోజనంలో ఉన్నవాళ్లు ముందుగా వచ్చి కడుపునిండా తిని తాగి మత్తెక్కుతున్నారు. లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. పేదలను సిగ్గుపరుస్తారా అని పౌలు మండిపడింది దానికి. అయోగ్యంగా అన్న మాట తినే తీరు గురించి. తినే మనిషి యోగ్యుడా కాదా అనే లెక్క అయితే ఆ బల్ల దగ్గర ఒక్కరూ మిగలరు. మీరు చెప్పిన గట్టు జరిపినాయన ఉన్నాడే, ఆ వాక్యం అచ్చంగా ఆయనకోసమే రాశారు. వెనక బెంచీలో కూర్చొని సిగ్గుపడే తల్లికోసం కాదు. ఒకరిని సిగ్గుపరచొద్దని రాసిన మాట చివరికి ఒక పెద్దామెను సిగ్గుపరచడానికి పనికొచ్చింది చూడండి, అదే నన్ను బాధపెడుతోంది.

28లో ఏముంది? తన్ను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి ఆ రొట్టె తినాలి. పరీక్షించుకొని చెట్టు కిందికి పోవాలని లేదు. ఇంకా కిందికి రండి. 34లో ఎవరికైనా ఆకలైతే ఇంట్లో తిని రమ్మన్నాడు. బల్లకు ముందు తినొచ్చా అనే ప్రశ్నకు పౌలే జవాబిచ్చేశాడు.

లేవీయకాండం సంగతి. హెబ్రీ పత్రిక రాసినాయనకు ఆ ఏడాదికోసారి ఆచారం బాగా తెలుసు. 9వ అధ్యాయమంతా దాని గురించే. అది తెలిసే, అంత కట్టుదిట్టమైన తెర ఇప్పుడు దారి అయిందని 10:19, 20లో రాశాడు. ధైర్యము అని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకులో పర్రేసియ అనే మాట ఉంది. ఉన్నది దాచకుండా నోరు విప్పి మాట్లాడటం అని అర్థం. గ్రీకు పట్టణాల్లో పౌరుడికి సభలో ఉండే మాట్లాడే హక్కుకు ఆ పేరు. దర్జాగా నడిచి రావడం కాదన్నా. నా దగ్గర దాచేది ఏమీ లేదు అని వచ్చేయడం. ఆ అమ్మ "నావల్ల కాలేదు తండ్రీ" అని చెప్పగలిగితే అదే పర్రేసియ.

ఇంకో మాట చెప్పాలి. ఆడవాళ్లం దీన్ని బయట మాట్లాడుకోం. మా ఊళ్లో నెలసరిలో ఉన్న ఆడవాళ్లు బల్ల దగ్గరికి పోయేవాళ్లు కాదు. ఏ పాస్టరుగారూ అట్లా బోధించలేదు. ఇళ్లల్లో ఉన్న అలవాటు గుడిలోకి నడిచొచ్చింది. నేనూ ముప్పై ఏళ్లు దాటేదాకా అట్లే బయటే ఉన్నాను. తర్వాత ఒకరోజు పిల్లలకు సండే స్కూల్లో మార్కు 5 చెప్తూ ఆగిపోయాను. పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ. లేవీయకాండం 15 ప్రకారం స్రావం ఆగాక ఏడు రోజులు లెక్కపెట్టుకోవాలి, ఎనిమిదో రోజు రెండు గువ్వలైనా పావురపు పిల్లలైనా యాజకుడి దగ్గరికి తేవాలి. ఆమెకు స్రావం ఆగిందే లేదు. ఏ లెక్కా పూర్తి కాకుండానే వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. ముట్టుకున్నాకే బాగైంది. దొంగచాటుగా వచ్చినామెను ఆయన అట్లే పోనివ్వలేదు. నన్ను ముట్టింది ఎవరని అడిగాడు, ఆమె వణుకుతూ వచ్చి జరిగినదంతా చెప్పింది, అందరి ముందూ కుమారీ అని పిలిచాడు. ఆ రోజు పిల్లల ముందే నాకు ఏడుపొచ్చేసింది.

మన పెద్దల సంగతి కూడా మర్చిపోవద్దు. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపకు వచ్చారు. తర్వాతి కాలంలో మన పల్లెల్లో యేసు మాట విన్నవాళ్లలో ఎక్కువమంది గుడి మెట్లెక్కే వీలులేనివాళ్లు, బావిలో చేద వేయడానికి లేక దోసిలి పట్టి నిలబడినవాళ్లు. నువ్వు లోపలికి రావచ్చు అన్న ఒక్క మాట వాళ్లకు సువార్త అయింది. మా జేజి ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. వాళ్ల మనవళ్లం మనమే మళ్లీ గుమ్మం దగ్గర ఎవరినీ నిలబెట్టకూడదు.

మగ్గం చప్పుడు తమ్ముడికి ఒక్క ముక్క: తెర తొలగింది, దగ్గరికి రండి అన్న ఆ హెబ్రీ 10లోనే నాలుగు వచనాలు దాటగానే, 25లో, సమాజంగా కూడటం మానొద్దని ఉంది. చేరుదము అన్నాడు చూడు, చేరుతాను అనలేదు.

ఆరోగ్యమాత బిడ్డ (కడప):

మేం కతోలికులం. మాకు ఆచారాలెక్కువ అని మీలో చాలామంది అనుకుంటారు కాబట్టి మా నియమం ఏమిటో చెప్తాను. తపస్సుకాలంలో, అంటే మీరు శ్రమల దినాలనే రోజుల్లో, మాకు తప్పనిసరి ఉపవాసం రెండు రోజులే, విభూది బుధవారం, శుభ శుక్రవారం. ఆ రోజుల్లో కూడా ఒక పూట కడుపునిండా తినొచ్చు. అది 18 ఏళ్లు నిండినవాళ్ల నుంచి 59 నిండేదాకా. రోగులకు లేదు. దివ్యసత్ప్రసాదానికి, అంటే మీరు బల్ల అనేదానికి, ముందు ఒక గంట ఏమీ తినకూడదు, నీళ్లు, మందులు తీసుకోవచ్చు. ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు ఆ గంట కూడా లేదు.

అరవై ఆరేళ్ల షుగర్ పేషెంటును మా విచారణ గురువు, అంటే మా గుడి ఫాదర్, ఉపవాసం ఉండమనరు. ఉంటానంటే ఆపుతారు.

ఇంకొకటి. దివ్యసత్ప్రసాదం లాంటి సంస్కారాలు మనం దేవునికి కట్టే ఫీజు అని మేం నమ్మడం లేదు. అవి ఆయన చేయి చాపి మనకిచ్చేవి. పెద్ద పాపం చేసినవాళ్లు ముందు పాపసంకీర్తనం చేయాలి, అంటే గురువు దగ్గర పాపం ఒప్పుకోవాలి, అది నిజం. కానీ అక్కడ కూడా వినేది క్షమించాననే మాటే.

నల్లరేగడి (కోవెలకుంట్ల):

టీచరమ్మా, 34వ వచనం వందసార్లు చదివి ఉంటాను, ఉపవాసానికి ముడిపెట్టి ఎప్పుడూ చూడలేదు. ఆ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. గట్టు జరిపినాయన మీద పెట్టాల్సిన బరువు నేను అమ్మగారి మీద పెట్టాను.

అయినా క్రమం గురించి ఒక మాట చెప్పనివ్వండి. మాది నంద్యాల వైపు, ఎస్‌పీజీ అనే ఆంగ్లికన్ మిషన్ వాళ్ల ఆరాధన క్రమంలో పెరిగినవాళ్లం. బల్లకు ముందు మేం చెప్పే ప్రార్థన ఒకటుంది. మా నీతిని నమ్ముకొని ఈ బల్లకు రావడం లేదు ప్రభువా, నీ విస్తారమైన కనికరాన్ని నమ్ముకొని వస్తున్నాం, నీ బల్ల కింది రొట్టెముక్కలు ఏరుకోవడానికి కూడా మేం తగం, అని దాని భావం. చిన్నప్పటినుంచి ఆ ప్రార్థన చెప్పడం వల్లే కృప అంటే ఏమిటో నాకు తెలిసింది. అది ఆచారమే, కానీ నాకు కృపను నేర్పింది అదే.

మా నాయన పోయిన తర్వాత మూడు నెలలు నాకు ప్రార్థన రాలేదు. మోకాళ్లూనితే నోరు పెగిలేది కాదు. సొంత మాటలతోనే దేవుని దగ్గరికి పోవాలంటే నేను ఆ మూడు నెలలూ బయటే ఉండేవాణ్ని. పుస్తకంలోని మాటలు, పక్కన నిలబడ్డవాళ్ల గొంతులు నన్ను లోపల ఉంచాయి. తమ్ముడూ, మగ్గం ముందు ఒంటరిగా ప్రార్థన చేసుకుంటున్నావు, మంచిదే. నోరు పెగలని రోజు వస్తే నీకోసం ఎవరు చెప్తారు?

మగ్గం చప్పుడు (ధర్మవరం):

అన్నా, నేను గుడి మానేసింది దేవుని మీద కోపంతో కాదు. కానుకల పట్టీ అందరి ముందు చదివిన రోజు మా పేరు పక్కన ఏమీ లేదు. అప్పుడు చీరలకు మజూరీ సరిగా రావడం లేదు. మా అమ్మ తల దించుకుంది. ఆ తర్వాత కాలు పెట్టలేకపోయినా. మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు):

తమ్ముడూ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అమ్మగారిని, మా అమ్మను దించేసింది ఒకటే. దేవుని దగ్గర లేని పట్టీ మనుషుల దగ్గర ఉంది.

నల్లరేగడి అన్నా, దుక్కి మాట నాకు నచ్చింది. కానీ అమ్మ చేను నలభై ఏళ్లుగా దున్నే ఉంది. రాత్రి మీ అందరి మాటలూ ఆమెకు చదివి వినిపించాను. కతోలికుల నియమం దగ్గర "వాళ్లకే అట్లుందా?" అని రెండుసార్లు అడిగింది. రక్తస్రావపు స్త్రీ దగ్గర ఏమీ అనలేదు, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. హెబ్రీ 4లో 16కు ముందున్న 15 కూడా చదివాను. మన బలహీనతల్లో మనతో సహానుభవం లేని ప్రధానయాజకుడు కాదు ఆయన. "బలహీనత అంటే షుగర్ కూడానా?" అంది. అవునమ్మా అన్నాను.

పొద్దున అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన నిజంగా కంగారుపడ్డారు. ఆ ప్రకటన అమ్మను మనసులో పెట్టుకొని చేయలేదట. ఏడాదిగా ఆమె లేచి బయటికి పోతుంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారట. సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడతానన్నారు. ఇన్నాళ్లు నేనే ఎందుకు అడగలేదా అని నాకు సిగ్గేసింది.

ఎల్లుండి మొదటి ఆదివారం. ఏడు గంటలకు రెండు ఇడ్లీలు, మాత్ర. తర్వాత గుడికి. వెనక బెంచీలోనే కూర్చుంటానంది, లేచి ఎటు పోతుందో మాత్రం ఇంకా చెప్పలేదు. నేను పక్కనే కూర్చుంటాను. అమ్మకోసం ప్రార్థన చేయండి.