పన్నెండో నెల పీసీఆర్ 0.21 నుంచి 0.24 అయింది, మందు పనిచేయడం మానేసిందా?

పెద్దమ్మాయి
మా నాన్నగారికి సీఎంఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అని తెలిసి ఏడాది అయింది, దానికి రోజూ ఇమాటినిబ్ 400 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నారు. బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ మూడో నెలలో 6.8 శాతం, ఆరో నెలలో 0.9, తొమ్మిదో నెలలో 0.21 వచ్చింది. నిన్నటి రిపోర్ట్‌లో 0.24. ఇన్నాళ్లూ దిగుతూ వచ్చింది ఇప్పుడు పెరిగిందేమిటని రాత్రంతా నిద్ర లేదు. సీబీపీ చూస్తే అంతా నార్మల్, తెల్లకణాలు 5,600. దేన్ని నమ్మాలి? ఈసారి వేరే ల్యాబ్‌లో ఇచ్చాం. డాక్టర్‌ని కలిసేది వచ్చే వారం, అప్పటిదాకా ఈ టెన్షన్ తట్టుకోలేను.

తొమ్మిదేళ్లుగా మందు మీద
రెండూ నమ్మాల్సినవేనండి, చూసే లోతు వేరు. సీబీపీ కణాలను లెక్కపెడుతుంది అంతే, అది మొదటి మూడు నెలల్లోనే చాలామందికి నార్మల్‌కి వచ్చేస్తుంది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల పుట్టిన తప్పు జన్యువు, అంటే బీసీఆర్-ఏబీఎల్, జాడ ఇంకా ఎంత ఉందో పీసీఆర్ వెతుకుతుంది. ఇక 0.21, 0.24 మధ్య తేడా పట్టించుకోకండి, ఒకే రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా అంత తేడా రావచ్చు. ఈ అంకెల్ని పదేసి రెట్లుగా చూడాలి: మూడో నెలకి 10 లేదా తక్కువ, ఆరో నెలకి 1, ఏడాదికి 0.1. నాన్నగారు మొదటి రెండూ దాటారు, మూడో దాని ముందు ఆగారు. ఏడాదికి 1 దాటితే మందు ఫెయిలైనట్టు లెక్క, 0.1కీ 1కీ మధ్య ఉంటే జాగ్రత్తగా గమనించమని అర్థం. కాబట్టి నాకైతే పెరగడం కన్నా ఆగిపోవడమే అడగాల్సిన విషయం అనిపిస్తోంది.

ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మాత్ర నిజంగా రోజూ పడుతోందా? మాటగా అడగొద్దు, స్ట్రిప్పులు లెక్కపెట్టండి. నేనూ మొదటి రెండేళ్లు డాక్టర్‌కి "రోజూ వేసుకుంటున్నానండి" అనే చెప్పాను, అది నిజం కాదు.

ల్యాబ్‌లో పనిచేస్తా
వేరే ల్యాబ్ అన్నారు కదా, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి శాతం దగ్గర ఐఎస్ అని ఉందో లేదో చూడండి, అంటే ఇంటర్నేషనల్ స్కేల్. అది లేని అంకెని ఆ 10, 1, 0.1తో పోల్చకూడదు. కింద ఏబీఎల్ (పోలిక కోసం కొలిచే మామూలు జన్యువు) కాపీల సంఖ్య కూడా ఇస్తారు, అది 10,000 కన్నా తక్కువ ఉంటే శాంపిల్ నాణ్యత గురించి డాక్టర్‌ని అడగండి. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం, ఊదారంగు మూత ట్యూబ్ ల్యాబ్‌కి చేరడం ఆలస్యమైతే పాడైపోతుంది. ఇకపై ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. రేపెప్పుడైనా "నాట్ డిటెక్టెడ్" అని వచ్చినా జబ్బు సున్నా అయినట్టు కాదు, ఆ శాంపిల్‌లో ఆ పరీక్షకి అందలేదని మాత్రమే. అది చూసి సొంతంగా మందు ఆపేసినవాళ్లు ఉన్నారు, దయచేసి అలా చేయకండి.

పెద్దమ్మాయి
రెండు రిపోర్టుల్లోనూ ఐఎస్ ఉంది, కాపీలు 41,000. ఇప్పుడే బీరువాలో ఉన్న స్ట్రిప్పులు లెక్కపెట్టాను. మూడు నెలలకి 90 మాత్రలు తెచ్చాం, ఈరోజుకి ఒక్కటీ మిగలకూడదు. 11 ఉన్నాయి. అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పారు, పొద్దున్నే పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతోందట, ప్రయాణం ఉన్న రోజు మానేసేవారట. నేను కంగారుపడతానని దాచారు. కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

తొమ్మిదేళ్లుగా మందు మీద
ఆయన్ని ఏమీ అనకండి అమ్మా. రోజూ వికారంతో లేచేవాళ్లకే తెలుస్తుంది అదెంత కష్టమో. ఇమాటినిబ్ పరగడుపున వేసుకునేది కాదు, కడుపునిండా తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, నేను రాత్రి భోజనం మీదకి మార్చుకున్నాకే వికారం తగ్గింది. మానేసిన వాటికి బదులుగా రెండేసి మాత్రం వేయొద్దు. 90లో 11 అంటే పదో వంతు దాటింది, అంత మానేస్తే 0.1కి చేరడం కష్టమవుతుందని పరిశోధనల్లో తేలిన విషయమే. డాక్టర్ పీసీఆర్ మళ్లీ చేయించొచ్చు, మాత్రలు సరిగ్గా పడుతున్నా దిగకపోతే మ్యుటేషన్ పరీక్ష (ఆ తప్పు జన్యువులో కొత్త మార్పు వచ్చిందేమో చూసేది) రాస్తారు, ఎందుకంటే టీ315ఐ లాంటి మార్పు వస్తే ఇమాటినిబ్ పనిచేయదు, మందు మార్చాలి. కానీ మాత్రలు మానిన సంగతి తెలియకపోతే ఆయనా మందునే అనుమానిస్తారు. ఆ 11 మాత్రలూ ఫైల్‌తో పాటు పట్టుకెళ్లండి.