స్ట్రింగ్ లిటరల్‌ని మార్చబోతే ప్రోగ్రామ్ కూలింది: తప్పు నాదా, సీ భాషదా?

ప్రశ్న:
చార్ *పి = "2024"; అని కోట్స్ మధ్య నేరుగా రాసి (ఇదే స్ట్రింగ్ లిటరల్), కింద పి[3] = '5'; అన్నాను. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీలో 2025 అని చక్కగా వచ్చింది. ఇంటికొచ్చి లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌తో నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని కూలిపోయింది. ఒక్క వార్నింగ్ కూడా లేదు. చార్ ఏ[] = "2024"; అంటే మాత్రం రెండుచోట్లా పనిచేస్తోంది. కంపైలర్ ఒప్పుకున్నాక అది నా తప్పెలా అవుతుంది?

మొదటి జవాబు:
నీ తప్పు కాదు తమ్ముడూ, భాషదే. సీ++లో 2011 ప్రమాణం నుంచి ఆ మొదటి లైనే చెల్లదు. సీ మాత్రం లిటరల్‌కి కాన్స్ట్ (మార్చకూడదనే గుర్తు) పెట్టదు, మారిస్తే నా పూచీ లేదంటుంది. తలుపు బార్లా తీసిపెట్టి, లోపలికెందుకొచ్చావని కొట్టినట్టుంది.

రెండో జవాబు:
సీ++ మాట నిజమే అన్నా, కానీ సీకి వేరే దారి లేకపోయింది. 1989 ప్రమాణంలో కాన్స్ట్ వచ్చేసరికే చార్ *లో లిటరల్స్ పెట్టుకున్న పాత కోడ్ కుప్పలుగా ఉంది. టైపు మారిస్తే అదంతా ఆగిపోయేది. అందుకే టైపు ముట్టుకోకుండా, మార్చడాన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అన్నారు, అంటే ఏం జరుగుతుందో ప్రమాణం చెప్పదు.

తమ్ముడూ, ఏ[] అంటే నీ సొంత అయిదు బైట్లు, స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే చివరి సున్నాతో కలిపి. పి దగ్గరున్నది అడ్రస్ మాత్రమే. ఆ బైట్లు లినక్స్‌లో చదవడానికి మాత్రమే వీలున్న మెమరీ పేజీలో ఉంటాయి, రాయబోతే ప్రాసెసర్ ఆపేస్తుంది. టర్బో సీ నడిచే పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో ఆపేవాళ్లే లేరు.

నన్నడిగితే కూలిపోవడమే మేలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక 8 బిట్ల చిప్ మీద రీడింగ్ లేనప్పుడు "----" చూపించే కోడ్ రాశాను. ఒక ఫంక్షన్‌లో ఆ గీతల మీదే అంకెలు నింపాను. ఇంకో ఫంక్షన్‌లోనూ అవే నాలుగు గీతలు. కంపైలర్ రెండింటికీ ఒకే కాపీ ఉంచింది. సెన్సార్ ఊడదీసినా డిస్‌ప్లే మీద పాత ఉష్ణోగ్రతే! రెండు రోజులు వైర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. అదే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే రెండు నిమిషాల పని.

మార్చనిదానికి కాన్స్ట్ చార్ * అని రాయి. జీసీసీలో -డబ్ల్యూరైట్-స్ట్రింగ్స్ (-Wwrite-strings) అనే వార్నింగ్ ఆప్షన్ విడిగా పెట్టుకో. సీ కోడ్‌కి సాధారణ వార్నింగులిచ్చే -డబ్ల్యూఆల్‌లో అది రాదు. ఆ ఒక్కదాని మీద మాత్రం అన్న కోపం న్యాయమే.

ప్రశ్న అడిగినవారు:
అయితే స్ట్రింగ్‌ని ముక్కలు చేసే స్ట్ర్‌టోక్‌కి నేరుగా లిటరల్ ఇచ్చినా ఇంతేనా?

రెండో జవాబు:
అంతే. అది విడగొట్టే గుర్తు (కామా లాంటిది) దొరికిన చోట సున్నా బైట్ రాస్తుంది. ముందు అర్రేలోకి తెచ్చుకుని, అప్పుడు ఇవ్వు.