సైనస్‌లో ఇంప్లాంట్ స్క్రూ: 31256 వేయాలా, 31267 వేయాలా?

ఈఎన్‌టీ సర్జరీ కోడింగ్ (బిల్లింగ్ కోసం జబ్బుకీ, చికిత్సకీ కోడ్ నంబర్లు వేయడం) చేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. చెన్నై పెరుంగుడిలో అమెరికా క్లయింట్ చార్టులు చూస్తుంటాను.

పేషెంట్‌కి పై దవడలో పెట్టిన పంటి ఇంప్లాంట్ కుడి మాక్సిలరీ సైనస్‌లోకి (చెంప ఎముకలోని బోలు గదిలోకి) జారిపోయింది. డాక్టర్ ఎండోస్కోప్‌తో ముక్కు లోపలి మిడిల్ మియాటస్ అనే సందు దగ్గర సైనస్ ద్వారం వెడల్పు చేసి, ఫోర్సెప్స్‌తో స్క్రూ బయటికి లాగారు. డయాగ్నసిస్‌కి టి17.0 (సైనస్‌లో బయటి వస్తువు) తీసుకున్నాను. మధ్యలో రెండు ఎక్స్‌లు, యాక్టివ్ ట్రీట్‌మెంట్ కాబట్టి చివర ఏ. టి17.1 ముక్కు రంధ్రానిది, ఇక్కడ కుదరదు. దీని మీద పేచీ లేదు.

పేచీ అంతా ప్రొసీజర్ దగ్గరే. మా టీమ్ లీడ్ 30300 వేసేయమంటారు. అది ముక్కులో ఇరుక్కున్నవి క్లినిక్‌లోనే తీసేదానికి కదండీ, పిల్లలు పూసలు దూర్చుకుంటే వేసేది! సైనస్ తెరిచి తీసినదానికి ఎలా సరిపోతుంది? ఆడిటరేమో 31267 అంటున్నారు. ఆ కోడ్‌కి సైనస్‌లోంచి టిష్యూ తీసినట్టు ఉండాలి. ఆపరేషన్ నోట్‌లో చుట్టూ పాలిపాయిడ్ మ్యూకోసా (పాలిప్‌లా ఉబ్బిన లోపలి పొర) కనిపించిందని ఒక్క ముక్క ఉంది, తీశామని ఎక్కడా లేదు. పాథాలజీకి వెళ్లింది కూడా స్క్రూ ఒక్కటే. అందుకే నా ఓటు 31256కే, అంటే టిష్యూ తీయకుండా ఎండోస్కోప్‌తో సైనస్ ద్వారం వెడల్పు చేసే కోడ్‌కి.

మీరైతే అదే పెట్టి పంపేస్తారా, డాక్టర్‌కి క్వెరీ వేస్తారా? టిష్యూ తీశారా అని నేరుగా అడిగితే లీడింగ్ క్వెరీ (జవాబు మనమే అందించే ప్రశ్న) అంటారని టెన్షన్. ఎలా రాస్తే బాగుంటుందో ఒక నమూనా ఇవ్వగలరా? ఇంప్లాంట్ జారినందుకు కాంప్లికేషన్ కోడ్ కూడా కలుపుతారా?