మట్టి బ్యాక్టీరియా చేసిన మందే కదా, కాసుగామైసిన్‌ని ‘బయో’ అనొచ్చా?

దాళ్వా_రైతు:
ఒక తగువు తీర్చాలండీ. దాళ్వా వరి చేలో అగ్గితెగులు మొదలైంది. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. మందుల షాపుకెళ్తే కాసుగామైసిన్ 3 శాతం సీసా చేతిలో పెట్టి, "కెమికల్ కాదండీ, మట్టిలో బ్యాక్టీరియా నుంచి తీసింది, బయో" అన్నాడు. దాంతోపాటు సూడోమోనాస్ అని, బతికున్న బ్యాక్టీరియా కలిపిన పొడి ప్యాకెట్ కూడా అంటగట్టాడు. మా బావది ప్రకృతి వ్యవసాయం, ఇద్దరి చేలకూ గట్టు ఒకటే. సీసా చూసి "దీని తుంపర నా చేలో పడిందంటే ఊరుకోను" అన్నాడు. బ్యాక్టీరియా చేసిన సరుకు బయో కాకపోతే మరేంటి?

మైక్రో_మాస్టారు:
పుట్టుక గురించి షాపాయన చెప్పింది నిజమే. జపాన్‌లో నారా అనే ఊరుంది. అక్కడి కసుగా గుడి దగ్గర మట్టిలో దొరికిన స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి ఉమెజావా అనే శాస్త్రవేత్త బృందం ఈ మందును తీసి 1965లో ప్రకటించింది. గుడి పేరే మందుకు వచ్చింది. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టివాసన ఉంది చూశారూ, అదీ ఎక్కువగా ఈ స్ట్రెప్టోమైసిస్ జాతి చలవే.

మీరు వరిలో పాముపొడ తెగులుకు కొట్టే వాలిడామైసిన్ కూడా ఈ జాతి ఇచ్చిందే. దాని పనితీరు నాకు భలే ఇష్టం. పాముపొడ తెచ్చే శిలీంధ్రం, అంటే బూజు, ట్రెహలోజ్ అనే చక్కెరను దాచుకుంటుంది, అవసరమైనప్పుడు విడగొట్టుకుని తింటుంది. ఆ విడగొట్టే ఎంజైమును వాలిడామైసిన్ పట్టేస్తుంది. గాదె నిండా గింజలున్నా తాళంచెవి పోయినట్టే. శిలీంధ్రం చావదు గానీ ముందుకు పాకలేదు, ఉన్నచోటే పిచ్చి కొమ్మలు వేసుకుంటూ ఉండిపోతుంది.

పుట్టుక వరకే అయితే నా ఓటు షాపాయనకే.

నాగోలు_శ్రీను:
మాస్టారూ, పుట్టుక జూసి ఓటేస్తే ఎట్ల? 2021ల మా నాయనకు కరోనా తగ్గినంక బ్లాక్ ఫంగస్ అయింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం పొద్దంత తిరిగిన, ఎక్కడ అడిగినా లేదన్నరు. దొరికినంక ఇంకో గోస. ఎక్కిస్తుంటే ఒళ్లంత వణుకు, చలి. రెండు రోజులకోసారి రక్తంల క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్లున్నయో చెప్పే పరీక్ష) జూసుడు, పెరిగితే ఆపుడు, తగ్గితే మళ్ల ఎక్కించుడు. ఆ మందు ఏడికెళ్లి వచ్చిందో తర్వాత సదివిన. వెనిజులాల ఒరినోకో నది దిక్కు మట్టిల ఉన్న స్ట్రెప్టోమైసిస్ అట. అదీ బయోనే గద మరి? మా నాయనను బతికించింది, కాదనను. కిడ్నీలను గూడ సతాయించింది.

మైక్రో_మాస్టారు:
శ్రీనూ, మీరన్నది కాదనలేను. శిలీంధ్రం కణపొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది, మన కణాల్లో కొలెస్టరాల్. రెండూ దగ్గరి చుట్టాలు. ఆంఫోటెరిసిన్ మొదటిదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది గానీ రెండోదాన్నీ పూర్తిగా వదలదు, కిడ్నీ దెబ్బతినేది అందుకే. కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే లైపోసోమల్ రకం దాన్ని చాలావరకు తగ్గించింది.

ఆంఫోటెరిసిన్ కుటుంబంలోదే నాటామైసిన్. వరి ఆకో ఊకో కంట్లో కొట్టుకుని, బూజు పట్టి నల్లగుడ్డు మీద పుండు పడితే కంటి డాక్టరు మొదట రాసే చుక్కల మందు అదే. వరి చేలో తగిలిన దెబ్బకు దక్షిణాఫ్రికా నాటాల్ మట్టి నుంచి వచ్చిన మందు! మన దేశం మట్టీ ఊరికే కూర్చోలేదు. పుణె పక్కన పింప్రీలో తిరుమలాచార్ అనే శాస్త్రవేత్త వాళ్లు హామైసిన్, ఆరియోఫంగిన్ అనే బూజు మందులు తీశారు. రెండోదాన్ని పంటల మీదా వాడారు. (దారి తప్పాను, క్షమించండి.)

గట్టవతలి_బావ:
పైన చెప్పిన బావని నేనే. మావాడు నన్ను ఇక్కడికీ ఈడ్చాడు.

నేను బ్యాక్టీరియాకి శత్రువుని కాదు. నా చేలో విత్తనశుద్ధి సూడోమోనాస్‌తోనే, కిలోకి 10 గ్రాములు. తేడా ఎక్కడంటే, వేరు పక్కన బతికున్న బ్యాక్టీరియా తనకు అవసరమైనప్పుడు, అవసరమైన చోట, చిటికెడు మందు చేసుకుంటుంది. సీసాలో ఉన్నది స్టీలు ట్యాంకులో పులియబెట్టి, వడగట్టి, శుద్ధిచేసిన మందు. అందులో బ్యాక్టీరియా లేదు, దాని పని ఫ్యాక్టరీలోనే అయిపోయింది. గేదె ఇచ్చిందే కదా అని పాలపొడి డబ్బాకి కుడితి పెడతామా?

ఇంకోటి. సూడోమోనాస్, ట్రైకోడెర్మా (మేలుచేసే బూజు) ప్యాకెట్లు జీవ మందుల కింద రిజిస్టరవుతాయి. కాసుగామైసిన్ అలా కాదు. షాపాయన ఆ మాట ఎందుకు చెప్పలేదు?

చేదు_మాట:
బావగారూ, మీ సూడోమోనాస్ వేరు దగ్గర కూర్చుని భజన చేస్తోందనుకుంటున్నారా? అదీ విషమే వదులుతుంది. ఆ జాతి చేసే పైరాల్‌నైట్రిన్ అనే పదార్థం బూజు మీద బ్రహ్మాండంగా పనిచేసేది గానీ ఎండ తగిలితే విరిగిపోయేది. కెమిస్టులు దాని నమూనా చూసి, ఎండకు నిలిచేలా మార్చి ఫ్లూడియాక్సోనిల్ చేశారు. ఇప్పుడది విత్తనాలకు పట్టించే మందు. ఇది బయోనా, కెమికలా? అజోక్సీస్ట్రోబిన్‌కి నమూనా ఇచ్చింది పైన్ కాయల మీద మొలిచే ఓ చిన్న పుట్టగొడుగు. దాన్నీ సేంద్రియం అందామా? గీత ఎక్కడ గీస్తారో చెప్పండి.

గట్టవతలి_బావ:
గీత నేను చెప్పిందే. బతికున్నది ఇటు, సీసాలో పట్టింది అటు. మీరు చెప్పిన రెండూ సీసా పక్షమే.

యాపిల్_తోట:
అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో పండ్ల తోటల ల్యాబులో పనిచేస్తాను. ఇక్కడ ఈ గొడవ ఎప్పుడో అయింది. స్ట్రెప్టోమైసిన్ మట్టి బ్యాక్టీరియాదే కదా అని, యాపిల్, పియర్ తోటల్లో వచ్చే ఓ బ్యాక్టీరియా తెగులుకు సేంద్రియ రైతులనూ చాలా ఏళ్లు ఆ మందు కొట్టనిచ్చారు. 2014 అక్టోబరుతో ఆపేశారు. పుట్టుక మీద ఎవరికీ అనుమానం లేదు, యాంటీబయాటిక్ కొట్టిన పండును సేంద్రియం అని ఎలా అమ్ముతారన్నదే గొడవ.

బావగారి పక్షాన కూడా ఒకటి. ఈ రాష్ట్రంలోనే ఏటా గోధుమ మీద గోధుమ వేసిన పొలాల్లో వేరుకుళ్లు మొదట బాగా పెరిగి, కొన్నేళ్లకు దానంతటదే తగ్గిపోయేది. తవ్వి చూస్తే వేళ్ల దగ్గర సూడోమోనాస్ దండుగా పెరిగింది, బూజును ఆపే పదార్థాన్ని అక్కడే చేస్తోంది. కాకపోతే దానికి కొన్ని పంటలు ఆగాలి.

చేదు_మాట:
దాళ్వా రైతుకు కొన్ని పంటలు లేవు, వారం ఉంది. అగ్గితెగులు వెన్ను మెడకు పాకి మెడవిరుపు దాకా వస్తే వెన్ను తాలు.

మైక్రో_మాస్టారు:
కాసుగామైసిన్ వాడమనేవాళ్లకూ ఓ మాట. జపాన్ దాన్ని విపరీతంగా కొట్టింది, 1970ల మొదట్లోనే అగ్గితెగులు దానికి లొంగడం మానేసింది. మట్టిది కదా అని శిలీంధ్రం మొహమాటపడదు. వరసగా అదే కొట్టకండి, వేరే రకంగా పనిచేసే మందుతో మార్చి కొట్టండి.

నాగోలు_శ్రీను:
అన్నా, ముందుగాల యూరియా ఆపు. రాత్రి చలి, పొద్దుగాల మంచు, పైన యూరియా. అగ్గితెగులును బొట్టువెట్టి పిలిచినట్టే.

దాళ్వా_రైతు:
యూరియా ఆపేశాను. లీటరుకి 2.5 మిల్లీలీటర్లు కాసుగామైసిన్ కొడతాను, బావ గట్టు వైపు నాలుగు బారలు వదిలేసి, గాలి అటు లేనప్పుడు. ఎటూ ట్యాంకు పడుతున్నాను కదా, సూడోమోనాస్ పొడి కూడా అందులోనే కలిపేస్తే ఒక కూలి మిగులుతుంది. కలపొచ్చా?

మైక్రో_మాస్టారు:
వద్దు! కాసుగామైసిన్ బూజునే కాదు, బ్యాక్టీరియానూ ఆపుతుంది. డబ్బిచ్చి కొన్న సూడోమోనాస్‌ను మీ ట్యాంకులోనే చంపుకుంటారు.

గట్టవతలి_బావ:
చూశావా! బయోకి బయోతోనే పడటం లేదు. ఇంతకీ ఆ ప్యాకెట్ ఎక్కడ పెట్టావు?

దాళ్వా_రైతు:
మోటారు షెడ్డులో, రేకు కింద.

గట్టవతలి_బావ:
రేకు కిందా! మధ్యాహ్నం అక్కడ చెయ్యి పెట్టి చూడు. తేదీ ఎంతుంది?

దాళ్వా_రైతు:
ఇప్పుడే వెళ్లి చూశాను. గడువు సంక్రాంతికి ముందే అయిపోయింది బావా. షాపుకి పోతున్నా, నువ్వూ రా.